ఆయన మాట దానికి అర్థమైనన్నాళ్ళూ

ఆ ఏడు వానలు తొందరపడి వచ్చేశాయి. అప్పటికే మా ఆయన చేతులు ఒళ్ళో పడుకున్నాయి.

ఆ మాట అలాగే చెప్పాలి, ఎందుకంటే ఆ చేతులు ఒళ్ళో ఉండగా నేనెప్పుడూ చూడలేదు. వీధి మలుపులో రెండు కుర్చీల సెలూన్ ఆయనది. ఒక చేతిలో కత్తెర, ఇంకో చేతిలో దువ్వెన, నోటి నిండా కబుర్లు. కబుర్లు ఆగితే కత్తెర కూడా ఆగిపోతుందని వచ్చినవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. ఒకరోజు కత్తెర వేళ్ళలోంచి జారి కింద పడింది. చెమట పట్టి ఉంటుందనుకున్నాం. తర్వాత చొక్కా గుండీలు పెట్టుకోవడం రాలేదు. తర్వాత గ్లాసు ఎత్తడం రాలేదు. ఆస్పత్రిలో డాక్టరమ్మ ఇది నరాల జబ్బని చెప్పింది. ముందు చేతులు, కాళ్ళు, ఆ తర్వాత మాట పోతాయంది. ఆ తర్వాత ఏమిటని నేను అడగలేదు. ఆయనా అడగలేదు. బయటికొచ్చి ఆటో ఎక్కాక మాత్రం, "ఆవిడ జుట్టు ఎవరు కత్తిరించారోగానీ, వెనకంతా ఎగుడుదిగుడు చేసి పెట్టారు" అన్నారు.

నేను సిటీ బస్సులో కండక్టర్ని. సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాను. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆయన నన్ను పేరుపెట్టి పిలిచింది లేదు. ఏదైనా "ఇదిగో" అనే. సెలూన్ నుంచి ఫోన్ చేసినా ఇదిగో, పెళ్ళిపందిట్లో జనం మధ్య వెతుక్కుంటున్నా ఇదిగో. అలా పిలిచినప్పుడు ఎంతమంది ఆడవాళ్ళున్నా తిరిగి చూసేదాన్ని నేనొక్కదాన్నే. మంచం పట్టాక ఆ పిలుపులు లెక్కకు మిక్కిలి అయ్యాయి.

"ఇదిగో, ఫ్యాను."

"ఇదిగో, ముక్కు దురద."

"ఇదిగో, ఈగ."

"ఇందాకే తోలాను కదండీ!"

"అదే. మళ్ళీ వచ్చింది. నేనంటే దానికి ఇష్టంలా ఉంది."

చేతిలో పని వదిలేసి వెళ్ళేదాన్ని, విసుక్కునేదాన్ని, మళ్ళీ వెళ్ళేదాన్ని. ఇంతలో సెలవు అయిపోవచ్చింది. డ్యూటీకి వస్తారా రారా చెప్పమని డిపో నుంచి కబురు. ఆ సంగతి ఫోన్లో మా అమ్మాయితో అంటే, అది ఇంకేమీ అడగకుండా, "వారం రోజులు వస్తున్నానమ్మా" అని పెట్టేసింది.

మా అమ్మాయికి ఇంకో ఊళ్ళో ఫోన్లు బాగుచేసే షాపులో పని. చిన్నప్పుడు గడియారం విప్పితే తన్నులు తినేది, ఇప్పుడు అదే పనికి జీతం తీసుకుంటోంది. బట్టలకంటే ఎక్కువ బల్బులూ ప్లగ్గులూ వైర్లూ సంచిలో కుక్కుకొని దిగింది. షాపులో ఎవరో మార్చేసుకున్న పాత ట్యాబ్లెట్ ఒకటి తెచ్చి, వంగే ఇనుప కాడకి బిగించి, ఆయన మంచానికి కట్టింది. ఎటు పడుకున్నా మొహానికి ఎదురుగా ఉండేలా.

"నాన్నా, ఇకనుంచి నీ గొంతు చాలు. ఇల్లంతా నీ మాట వింటుంది."

"ఈ ఇంట్లో నా మాట విన్నదెవరు ఇన్నేళ్ళలో?" అన్నారాయన నావైపు చూస్తూ.

అమ్మాయి ఒక్కో మాటకి ఒక్కో పని కట్టింది. వెలుగు అంటే దీపం. గాలి అంటే ఫ్యాను. పేపరు అంటే ఆ రోజు వార్తలు చదివి వినిపించాలి. తలుపు అంటే వీధి గడియ తెరుచుకోవాలి, మధ్యాహ్నం భోజనం పెట్టడానికి పక్కింటి పిన్నిగారు వస్తారు కాబట్టి. కొట్టు అంటే సెలూన్‌కి వీడియో కాల్. బస్సు అంటే నా ఫోన్ ఎక్కడుందో చూసి, నేను ఎంత దూరంలో ఉన్నానో చెప్పాలి.

"బస్సు ఎందుకే? మీ అమ్మ ఎక్కడికి పోతుంది?"

"నువ్వు ఎదురుచూస్తావుగా నాన్నా, ఊరికే చూడకుండా లెక్క తెలుస్తుందని."

అన్నీ అయ్యాక అసలు చిక్కు వచ్చింది. ఆ వస్తువుని ముందు ఏదో ఒక పేరుతో పిలవాలట. పిలిస్తేనే చెవి రిక్కిస్తుందట. "లేకపోతే వీధిలో ఎవరో గాలివాన అన్నా మన ఫ్యాను తిరిగేస్తుంది" అంది. చిట్టి అని పెట్టి చూసింది. అప్పటికే ఆయన నాలుక కొంచెం బరువెక్కింది, చ అక్షరం నోట్లోనే మెత్తబడిపోయేది. దానికి అందలేదు. బంగారం అని పెట్టింది. ఆయనకే నవ్వొచ్చి పలకలేకపోయారు. ఇంకేవో చూశారు. ఒక్కటీ కుదరలేదు. అలసిపోయి, మంచినీళ్ళ కోసం కాబోలు, వంటింటివైపు తిరిగి, "ఇదిగో" అని కేకేశారు.

అమ్మాయి చప్పట్లు కొట్టింది. "ఇదే! ఈ మాట నాన్న నోట్లో అరిగి నునుపెక్కిపోయింది. దీన్ని తప్పుగా పలకడం నాన్నకి చేతకాదు."

నేను నీళ్ళ గ్లాసుతో గుమ్మంలోనే నిలబడ్డాను. "బాగుంది. ఈ వయసులో నాకు సవతిని తెచ్చావన్నమాట."

"సవతి కాదమ్మా, పనిమనిషి."

"ఆ రెండో పని కూడా నేనేగా ఇన్నాళ్ళూ చేసింది."

అందరం నవ్వాం. అమ్మాయి ఏదో నొక్కింది, ఆయన చేత ఆ మాట మళ్ళీ మళ్ళీ చెప్పించింది. తర్వాత, "ఇప్పుడు అడుగు నాన్నా" అని పక్కకి జరిగింది.

"ఇదిగో, గాలి."

ఫ్యాను కదిలింది. ముందు నెమ్మదిగా, తర్వాత జోరుగా. ఆయన పైకి చూస్తూ ఉండిపోయారు. అన్నం ముద్ద కూడా ఇంకొకరు నోట్లో పెట్టాల్సిన మనిషి. ఆ మొహంలోకి వచ్చిన వెలుగు నేను మాటల్లో చెప్పలేను.

"నా ఫ్యాను నేనే వేసుకున్నా" అన్నారు.

మళ్ళీ ఆపారు. మళ్ళీ వేశారు. దీపం వేశారు, తీశారు. ఆ మధ్యాహ్నమంతా ఇంట్లో పట్టపగలు దీపావళిలా ఉంది. "నాన్నా, మోటారు కాలిపోతుంది" అని అమ్మాయి మొత్తుకుంటే గానీ ఊరుకోలేదు. వెళ్ళేముందు నా ఫోన్లో కూడా ఒక్కో పనికి ఒక్కో బొమ్మ పెట్టింది. "ఎందుకైనా మంచిది. నీ బస్సు ఆలస్యమైనా నువ్వు అక్కణ్ణుంచే దీపం వెయ్యొచ్చు" అని ఎలా నొక్కాలో చూపించింది. నేను సరిగ్గా వినలేదు కూడా. నాకెందుకులే అనుకున్నాను.

డ్యూటీలో చేరాను. పొద్దున్నే ఆయనకి స్నానం, టీ, మందులు చూసి బయటపడితే దీపాలవేళకి ఇల్లు చేరేదాన్ని. వెళ్ళిన మొదటిరోజు టిక్కెట్లు కొడుతున్నానేగానీ ప్రాణం ఇంట్లోనే ఉంది. సాయంత్రం పరుగెత్తుకుంటూ వచ్చేసరికి ఆయన వీడియోలో సెలూన్ నడుపుతున్నారు.

అక్కడ ఉండేది ఆయన కింద పని నేర్చుకుని, తర్వాత పక్క కుర్చీ తీసుకున్న మనిషి. నున్నటి గుండు. అందుకే అందరూ దువ్వెన అంటారు. దువ్వెన తన ఫోన్‌ని అద్దానికి ఆనించి పెడితే ఆయనకి రెండు కుర్చీలూ కనిపిస్తాయి.

"ఎడమ చెవి పైన ఇంకొంచెం తియ్యరా" అని మంచంలోంచి అరుస్తున్నారు.

కుర్చీలో కూర్చున్న కొత్తమనిషి హడలిపోయి లేవబోయాడు. "కూర్చోండి, మా అన్న. ఇంటి దగ్గర్నుంచి చూస్తున్నాడు" అంటున్నాడు దువ్వెన. "అన్నా, నువ్విలా అరిస్తే వచ్చినవాళ్ళు సగం క్షవరంతో పారిపోతారు!"

చాలారోజులకి ఆయన కడుపారా నవ్వడం విన్నాను. అమ్మాయి చేసిన పుణ్యం అనుకున్నాను.

కానీ ఇంకొకటి జరిగింది. దాన్ని ఎవరితో చెప్పుకోవాలో తెలియలేదు. సాయంత్రం వంటింట్లో ఉంటాను. "ఇదిగో" అని వినబడుతుంది. చేతులు కొంగుకి తుడుచుకుంటూ పరుగెత్తుతాను. నేను గుమ్మం చేరేసరికే ఆ వస్తువు టింగుమని పలికేసి ఉంటుంది.

"నిన్ను కాదు" అనేవారు ఆయన.

కొన్నాళ్ళకి పరుగెత్తడం మానేశాను. మానేశానేగానీ, పిలిచిన ప్రతిసారీ చేతిలో గరిట ఆగేది. ఒకరోజు ఉండబట్టలేక అనేశాను. "పొద్దుణ్ణుంచీ ఊరందరితో అరిచి వస్తాను. ఇంటికొచ్చాకైనా నన్నేదైనా అడగొచ్చుగా."

"రోజంతా నిలబడి వచ్చావు. కూర్చో" అన్నారు.

నన్ను కష్టపెట్టకూడదని అలా అంటున్నారనుకున్నాను. అది కాదని ఇంకో రోజు తెలిసింది. ఉక్కపోతగా ఉంది, మబ్బు పట్టి కురవలేదు. ఆయన నుదుటి మీద చెమట చూసి, దారిన పోతూ గోడ మీద స్విచ్ నొక్కేశాను. ఫ్యాను తిరిగింది. ఆయన మొహం మాడిపోయింది.

"నేను వేసుకోగలను."

"అబ్బే, ఇటే వెళ్తున్నాను కదాని..."

"నేను వేసుకోగలనని చెప్తున్నానా!" ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నామీద గొంతు పెంచడం అరుదు. తర్వాత కాడ మీదున్న ఆ అద్దంపలకవైపు తిరిగారు. "ఇదిగో, ఆపు." ఫ్యాను ఆగింది. రెక్కలు పూర్తిగా నిలిచేదాకా ఆగి, "ఇదిగో, గాలి" అన్నారు. తిరిగింది. కళ్ళు మూసుకున్నారు.

నేను వంటింట్లోకి వచ్చి గట్టు మీద చేతులు ఆనించి నిలబడ్డాను. వీధి వీధంతా తల వంచి ఆయన ముందు కూర్చునేది. అలాంటి మనిషికి ఇప్పుడు సొంతంగా మిగిలినవి ఒక ఫ్యానూ ఒక దీపమూ. అవి కూడా నా చేత్తో లాక్కోబోయాను. ఆ తర్వాత ఇంకెప్పుడూ ఆ స్విచ్ జోలికి పోలేదు.

వానలు ముదిరాయి. ఆయన మాట కూడా ముద్దబారుతూ వచ్చింది. గాలిలో ల పోయింది, కొట్టులో ట పోయింది. అమ్మాయి వీడియోలో కనిపించి, "నాన్నా, ఒక్కో మాటా మళ్ళీ కొన్నిసార్లు చెప్పు, అది నీ కొత్త గొంతు నేర్చుకుంటుంది" అనేది. బళ్ళో పిల్లాడిలా ఆయన చెప్పేవారు. కొన్నాళ్ళు సర్దుకునేది. ఇంతలో గొంతు ఇంకో మెట్టు దిగేది. అమ్మాయి వచ్చి చూస్తానంది. కానీ ఆ ఊరికీ మా ఊరికీ మధ్య వంతెన మీదినుంచి నీళ్ళు పోతున్నాయి. బస్సులు ఆపేశారు. ఆ వంతెన అంత తొందరగా తేలదని మా డిపోలో అందరికీ తెలుసు.

ఒక సాయంత్రం తడిసి ముద్దై ఇల్లు చేరాను. మబ్బుకి ఇల్లంతా చీకటి కమ్మింది. వసారాలో ఒక చెప్పు విడిచి రెండోది విడవబోతుంటే లోపల్నుంచి ఆయన గొంతు.

"ఇ...ఇవో. వె...వు."

ట్యాబ్లెట్‌ది నెమ్మదైన ఆడగొంతు. "క్షమించండి. మీరు చెప్పింది అర్థం కాలేదు. మళ్ళీ చెప్పండి."

"ఇవో. వెవు."

"క్షమించండి. మీరు చెప్పింది అర్థం కాలేదు."

నాకు అర్థమైంది. చీకటి పడింది, దీపం వేసుకుంటున్నారు. ఎంతసేపట్నుంచి అడుగుతున్నారో. దాని గొంతులో విసుగు లేదు, అదే నాకు ఎక్కువ బాధ అనిపించింది. ఆయన ఊపిరి పట్టి, ఒక్కో అక్షరాన్నీ కిందినుంచి తోడి, మళ్ళీ చెప్పారు. అది మళ్ళీ క్షమించమంది.

రెండడుగులు వేస్తే స్విచ్. వెయ్యలేకపోయాను. టిక్కెట్ల సంచిలోంచి ఫోన్ తీశాను. తెర మీద తడి ఉంది, వేలు జారింది. చీర చెంగుతో తుడిచి, అమ్మాయి చూపించిన బొమ్మల్లో దీపం బొమ్మ వెతికి నొక్కాను.

లోపల దీపం వెలిగింది.

ఆయన పెద్దగా ఊపిరి వదలడం వినబడింది. నేను గొడుగు గట్టిగా దులిపి, రెండో చెప్పు చప్పుడయ్యేలా విడిచి, అప్పుడే వచ్చినదానిలా లోపలికి వెళ్ళాను.

"దీపం వేసుకున్నారా?"

"ఊ" అన్నారు. గర్వంగానే అన్నారు.

మర్నాడు పొద్దున్న ఆయన ఇంకా లేవకముందే ట్యాబ్లెట్ దగ్గర నిలబడి పిలుపులు వినే మైకు బొమ్మ వెతికాను. నొక్కితే దానిమీద అడ్డగీత పడింది. ఇక దానికి ఏ పిలుపూ వినబడదు. ఎవరినీ క్షమించమని అడగదు.

డిపోకి ఫోన్ చేసి రానని చెప్పాను. ఉద్యోగం సంగతి తర్వాత చూద్దామనుకున్నాను. ఆయనతో మాత్రం, "రోడ్ల మీద మోకాలి లోతు నీళ్ళు. నా రూటు ఆపేశారు" అన్నాను. అప్పటికి అది నిజమే.

అలా నేను ఆ వస్తువునయ్యాను. వంటింటికీ ఆయన గదికీ మధ్య సన్నటి గోడ. ఫోన్ జాకెట్లో దోపుకుని, చెవి గోడకి అప్పగించి, కూర తరుక్కునేదాన్ని. ఇవో అని వినబడగానే కత్తి కింద పెట్టేదాన్ని. తెలియనిదేమీ కాదు కదా, పెళ్ళైన దగ్గర్నుంచీ ఆ పిలుపుకి లేస్తూనే ఉన్నాను. కాకపోతే ఇప్పుడు కనబడకుండా పలకాలి. పొద్దున్నైతే పేపరు, పొద్దెక్కాక ఫ్యాను, మధ్యాహ్నం తలుపు, సాయంత్రం కొట్టు. వేళని బట్టీ గొంతు తీరుని బట్టీ పోల్చుకునేదాన్ని. తప్పులూ చేశాను. ఒకసారి గాలి అంటే కొట్టు అని పొరబడి నొక్కాను. సాయానికి వచ్చిన పిన్నిగారు ఆయనకి ఒళ్ళు తుడుస్తున్నారు. తెర నిండా దువ్వెన గుండు ప్రత్యక్షమైంది. పిన్నిగారు కెవ్వుమన్నారు, దువ్వెన అంతకంటే గట్టిగా కెవ్వుమన్నాడు. ఆయన భుజాలు కదలకపోయినా పొట్ట అదరడం తలుపు సందులోంచి చూశాను. నవ్వుతున్నారు.

అమ్మాయి రోజూ అడిగేది. "పనిచేస్తోందామ్మా? నాన్న చెప్పేది నాకు ఫోన్లో సరిగ్గా తెలియడంలేదు. దానికి తెలుస్తోందా?"

"బ్రహ్మాండంగా" అనేదాన్ని.

"నిజంగా?"

"నీ పనికి వంక పెట్టేదెవరే?"

తర్వాత వానలు తెరిపిచ్చాయి. కిటికీలోంచి ఎండ వచ్చి ఆయన మంచం మీద పడింది. నేను అప్పటికీ రూటు ఆపేశారనే చెప్తున్నాను. మా వీధి చివర నా బస్సు హారన్ కొట్టుకుంటూ పోవడం ఇద్దరికీ వినబడేది. ఆయన ఏమీ అనేవారు కాదు.

అలాంటి ఎండలో ఒక మధ్యాహ్నం, నేను గోడ ఇవతల గిన్నెలు కడుగుతుంటే ఆయన పిలిచారు.

"ఇవో. బ...సు."

గాలి కాదు, వెలుగు కాదు. మళ్ళీ అన్నారు. "బసు."

నా చేతులు నీళ్ళలోనే ఆగిపోయాయి. నేను ఇంట్లోనే ఉన్నానని ఆయనకి తెలుసు. కాసేపటి క్రితమే పాలు పట్టి వచ్చాను. మరి నా బస్సు ఎక్కడుందని ఎందుకు అడుగుతున్నట్టు? నొక్కాలా మానాలా తేల్చుకోలేకపోయాను. నొక్కకపోతే అది పనిచెయ్యడంలేదని అనుకుంటారు. చెయ్యి తుడుచుకుని బస్సు బొమ్మ నొక్కాను.

గదిలోంచి ఆ నెమ్మదైన గొంతు వినబడింది. "అమ్మ ఇంట్లోనే ఉంది."

ఆ తర్వాత ఒక చప్పుడు. ఏడుస్తున్నారేమోనని భయపడి ఉన్నపళంగా గుమ్మంలోకి పరుగెత్తాను. ఆయన నవ్వుతున్నారు. నోరు ఒక పక్కకి ఒరిగి, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా నవ్వుతున్నారు. నా చేతిలో ఫోన్ ఉంది. ఆయన ఫోన్‌ని చూశారు. నా తడి మోచేతులు చూశారు. కిటికీలోంచి పడుతున్న ఎండని చూశారు. మళ్ళీ నన్ను చూశారు.

ఎప్పట్నుంచి తెలుసో. మొదటిరోజు నుంచే తెలుసేమో. నేను అడగలేదు. వెళ్ళి ఆయన నోటి చివర తుడిచాను.

మర్నాటి నుంచి మళ్ళీ మామూలే. ఆయన దాన్నే పిలిచేవారు, దానివైపే చూస్తూ అడిగేవారు. నేను గోడ ఇవతల్నుంచి నొక్కేదాన్ని. ఒక్కటే తేడా. ఇవో అన్నాక ఆయన కాసేపు ఆగేవారు. నేను చెయ్యి తుడుచుకుని ఫోన్ అందుకునేటంత సేపు. ఆ తర్వాతే ఏం కావాలో చెప్పేవారు.

మాటలు అక్షరాలయ్యాయి. అక్షరాలు ఒట్టి ఊపిరయ్యాయి. ఒకరోజు అలాంటి ఊపిరి చప్పుడే వినబడితే ఫ్యాను వేశాను. మళ్ళీ అదే చప్పుడు. దీపం వేశాను. మళ్ళీ. దువ్వెనకి కాల్ కలిపాను, అన్నా అన్నా అని అటునుంచి పిలుస్తున్నాడు, ఈయన వినిపించుకోవడంలేదు. కాల్ తీసేసి గదిలోకి వెళ్ళాను. ఆయన కళ్ళు మంచం పక్కనున్న పీట మీద ఉన్నాయి. కూర్చున్నాను. ఆ చప్పుడు ఆగిపోయింది. ఆయన చెయ్యి నా ఒళ్ళో పెట్టుకున్నాను. అంత పనిచేసిన చెయ్యి ఎంత తేలికైపోయిందో. ఎండ గోడ మీదికి ఎక్కి, కప్పు అంటి, పోయేదాకా అలాగే ఉన్నాం. దీపం నేను వెయ్యలేదు. ఆయన అడగలేదు.

ఆకాశం పూర్తిగా తేటపడ్డాక ఒక పొద్దున్న, ఊపిరి కూడా ఆయన మాట వినలేదు.

దువ్వెన సెలూన్ మూసి వచ్చాడు. సంచిలోంచి సామాను తీసి, నీళ్ళు అడిగి, ఆయన గడ్డం గీశాడు. ఎంతో నెమ్మదిగా, చెవుల వెనక దాకా. అయ్యాక మొహానికి చెయ్యి అడ్డుపెట్టుకుని, "వదినా, ఇక నేను బయట కూర్చుంటాను" అని వెళ్ళిపోయాడు. వంతెన తేలింది, మా అమ్మాయి బస్సు బయలుదేరిందని ఫోన్ వచ్చింది. గదిలో ఎవరూ లేని ఒక్క నిమిషం దొరికింది. ట్యాబ్లెట్ దగ్గరికి వెళ్ళి ఆ మైకు బొమ్మ మీది అడ్డగీత తీసేశాను.

జనం వచ్చి వెళ్ళడాలు తగ్గాక, ఇల్లు మళ్ళీ ఇల్లుగా కనబడుతున్నప్పుడు, అమ్మాయి స్టూలు వేసుకుని ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది. బల్బు. ఫ్యాను ప్లగ్గు. వీధి గడియ మోటారు. నేను ఆయన దుప్పట్లు ఉతికి ఆరేసినవి తెచ్చి మడతపెడుతున్నాను. మంచానికి కట్టిన ఇనుప కాడ దగ్గరికి వచ్చేసరికి దాని చెయ్యి ఆగింది.

"అమ్మా, ఒకటి అడుగుతాను, నిజం చెప్పు."

"ఏమిటే?"

"డాక్టరమ్మ మాట పోతుందని ముందే చెప్పింది కదా. అక్కడ పనిచేసుకుంటున్నానేగానీ రోజూ నాకదే భయం. నాన్న పిలుస్తుంటే అది పలక్కపోతే ఎలా, చీకట్లో పిలిచి పిలిచి ఊరుకుంటారేమో అని. చివరిదాకా పలికిందా?"

"పలికింది."

"ప్రతిసారీ?"

"ప్రతిసారీ పలికింది. ఎప్పుడైనా కొంచెం ఆలస్యమయ్యేది, అంతే."

అది మణికట్టుతో కళ్ళు తుడుచుకుని స్టూలు దిగింది. "నెట్ స్లో అయ్యుంటుందమ్మా. వానలు కదా."

"అయ్యుంటుంది" అన్నాను. దుప్పటి రెండో కొస దాని చేతికిచ్చాను.